రాయగడ లైను మీద ఫిడేలు

మా రాయగడకి కర్ణాటక సంగీతం ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఏ రాజు పేరూ చెప్పను. రైల్వే టైంటేబులు తీసి చేతిలో పెడతాను. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, గుమడ, కూనేరు, జిమిడిపేట, రాయగడ. ఈ వరసలోనే వీణ వచ్చింది, ఈ వరసలోనే ఫిడేలు వచ్చింది. ఆ లైను మీద గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇదంతా రైల్వేవాడి పక్షపాతం అనుకుంటే అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

విజయనగరం నుంచి పార్వతీపురం దాకా పట్టాలు ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలోనే పడ్డాయి. అక్కణ్ణుంచి కొండలు తొలుచుకుంటూ రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తయింది 1931లో. అప్పటికి కొరాపుట్ అనే జిల్లా లేదు. రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్ అన్నీ మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ కింద ఉండేవి. కచేరీ గుమాస్తాలు, బడి మాస్టార్లు, ప్లీడర్లు, కోమటి షావుకార్లు, పోస్టుమాస్టర్లు, రైల్వేవాళ్ళు కింద నుంచి పైకి వచ్చారు. ఉద్యోగానికి వచ్చినవాడు సంసారాన్ని తెచ్చుకున్నాడు. సంసారంతో పాటు ఇత్తడి బిందెలు, ఆవకాయ జాడీలు వచ్చాయి. కొన్ని ఇళ్ళకి దుప్పట్లో చుట్టిన వీణ వచ్చింది.

మా నాయనమ్మ వీణ అలా వచ్చిందే. ఆవిడది సాలూరు. సాలూరంటే బొబ్బిలి దగ్గర చీలే చిన్న బ్రాంచి లైనుకి ఆఖరి స్టేషను. పట్టాలు అక్కడ ఆగిపోతే సుంకి ఘాటీ రోడ్డు మొదలవుతుంది. పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కొరాపుట్, ఆపైన జయపురం. చిన్న ఊరే కానీ సంగీతంలో పెద్ద ఊరు. పట్రాయని నరసింహశాస్త్రి గారు సాలూరు పెద గురువుగారు, వారబ్బాయి సీతారామశాస్త్రి గారు చిన గురువుగారు. చిన గురువుగారు తర్వాత విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం చెప్పారు. ఘంటసాలకి పాఠం చెప్పినది ఆయనే. పెద గురువుగారి పాట విన్నానని మా నాయనమ్మ చివరిదాకా చెప్పుకునేది. ఆ మాట అన్నప్పుడల్లా మా తాతయ్య మజ్జిగ గ్లాసు పట్టుకుని వీధరుగు మీదకి వెళ్ళిపోయేవాడు. ఆయనకి పాట గిట్టేది కాదు, పేకాట గిట్టేది.

వీణ మాత్రం బొబ్బిలిది, అంటే బొబ్బిలి పక్క గొల్లపల్లిది. సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ళు తరాలుగా అక్కడ వీణలు చెక్కుతున్నారు. దీన్ని ఏకాండి వీణ అంటారు. కుండ, దండి వేరు వేరుగా చేసి అతికించినది కాదు, ఒక్క పనస దుంగలోంచే తొలిచి తీసినది. పనస ఎందుకంటే తేలిక, నాదం బాగా పలుకుతుంది, పురుగు తొందరగా పట్టదు. దుంగని బాగా ఆరనిచ్చి, బాడితతో గొలికి, ఉలితో లోపల తొలిచి, పైన పలక వేసి, చివర యాళి ముఖం తొడుగుతారు. మెట్లు 24. వాటిని నల్లటి మైనం మీద నిలబెడతారు. వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు.

ఈ మైనం దగ్గరే మా వైపు కథ మొదలవుతుంది. వీణ పుట్టిన ఊళ్ళో మైనం మెత్తబడితే మెట్లు సరిచేసే మనిషి పిలుపు దూరంలో ఉంటాడు. రాయగడలో ఎండాకాలం మెట్టు మైనంలోకి దిగిపోతుంది, వానాకాలం దండి చెమ్మ తాగుతుంది. కొరాపుట్ సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్ల పైన ఉంది, అక్కడ వానలు మొదలైతే గోడలకే పాచి పడుతుంది, ఇక పనస చెక్క ఎంత? శ్రుతి నిలవని వీణని మళ్ళీ దుప్పట్లో చుట్టి రైలెక్కించి బొబ్బిలి పంపాలి. డబ్బు చాలని ఏడాది వీణ గోడకి ఆనుకుని ఉండిపోయేది. మా ఇంట్లో అలా చాలా ఏళ్ళే ఉండిపోయింది. కొండ ఊళ్ళలో వీణ నిలవకపోవడానికి, ఫిడేలు నిలవడానికి అసలు కారణం ఇదేనని నా లెక్క. ఫిడేలుకి మెట్లు లేవు, మైనం లేదు. తీగ తెగితే తీగ ఒక్కటే తెప్పించుకోవాలి, అది పోస్టు కవర్లో వస్తుంది. చంకన పెట్టుకుని ప్యాసింజరు బండిలో కూర్చోవచ్చు. రుచులు మారాయని, కాలం మారిందని పెద్దలు పెద్ద కారణాలు చెబుతారు గానీ, ఒక వాద్యం ఒక ఊళ్ళో బతకడానికి దాని రిపేరు చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నది చాలా పెద్ద విషయం.

ఫిడేలు మన సంగీతంలోకి వచ్చిన కథ చాలామందికి తెలిసిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లదొరల దగ్గర దాన్ని చూసి నేర్చుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో అది పాటకి పక్కవాద్యంగా కుదురుకుంది. దొర నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయించేదాన్ని మనవాళ్ళు చాప మీద కూర్చుని, ఫిడేలు తలని కుడి చీలమండ మీద ఆనించి, తీగలని సపసప అని శ్రుతి చేసి, జారుకీ గమకానికీ లొంగదీశారు. కానీ మా కొండల దాకా అది ఎక్కడానికి విజయనగరం కావలసి వచ్చింది.

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు. అది పుట్టిన కారణం నాకు మహా ఇష్టం. సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి కళ్ళు లేవు. ఆ కుర్రవాడికి సంగీతం చెప్పించి ఒక దారి చూపించమని అడిగితే, మహారాజు విజయరామ గజపతి ఒక్కడి కోసం ఆగకుండా ఏకంగా కళాశాలే పెట్టేశారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. అదే ఏడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు నేర్చుకుందామని వస్తే, వాయిద్యం విని విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా చేర్చుకున్నారు. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్ళు నిండలేదు. పుట్టింది బెంగుళూరులో, పెరిగింది విశాఖపట్నంలో, నేర్చుకున్నది అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర. చిన్నప్పటినుంచి చూపు మందం, దానివల్లే బడి చదువు ఆగిపోయింది. కళ్ళు లేని పిల్లవాడి కోసం పుట్టిన కళాశాలకి కళ్ళు సరిగా కనపడని మాస్టారు దొరికి, 1936లో ప్రిన్సిపాలు కూడా అయ్యారు.

అంతకు ముందు ఫిడేలు పాటగాడి వెనకాల నడిచేది. దాన్ని ఒంటరిగా కచేరీ గద్దె మీద కూర్చోబెట్టినవారిలో ద్వారం వారిది ముందు వరస. 1938లో వెల్లూరులో ఆయన సోలో కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1952లో యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఈయన వాయిద్యం కూర్చుని విన్నాడు. పోయింది 1964 నవంబరులో. మా ప్రాంతంలో ఆయన్ని పూర్తి పేరుతో ఎవరూ అనరు, నాయుడు గారు అంటే చాలు. ఏ నాయుడు గారని అడిగినవాడికి సంగీతం తెలీదని లెక్క.

ఆయన తయారు చేసినవాళ్ళలో పేరు మోసినవాళ్ళు మద్రాసు, హైదరాబాదు, రేడియో స్టేషన్లు పట్టుకున్నారు. పేరు మోయనివాళ్ళ గురించి ఎవరూ రాయరు. డిప్లొమా తెచ్చుకుని పార్వతీపురంలో, రాయగడలో, గుణుపురంలో ఇళ్ళకి వెళ్ళి పాఠాలు చెప్పుకుని బతికినవాళ్ళు వాళ్ళు. నాకు నేర్పిన మాస్టారు అలాంటివారే. పార్వతీపురం నుంచి పొద్దున్న బండికి వచ్చి, నాలుగిళ్ళు తిరిగి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. బండి ఆలస్యమైతే స్టేషన్లో బెంచీ మీదే సరళీ స్వరాలు చెప్పించేవారు. కమాను సగమే లాగుతున్నానని ఆయన ఎప్పుడూ తిట్టేవారు.

"ఒరే అబ్బాయ్, కమాను చివరిదాకా లాగరా. గుర్రం బండిలా మధ్యలో ఆపుతావేం?"

"తీగ కీచుమంటోంది మాస్టారూ."

"అననీ. కీచుమన్నా నిజం చెబుతోంది. సగం కమాను అబద్ధం ఆడుతుంది."

ఫీజు ఇవ్వని ఇంటికి కూడా ఆయన ఒక నెల ఎక్కువ వెళ్ళేవారు. తర్వాత మానేసేవారు. త్యాగం గీగం అని దాన్ని పొగడను. ఆయనకీ పిల్లలున్నారు, బియ్యం కొనాలి.

ఆ రోజుల్లో ఇళ్ళలో ఉన్న ఫిడేళ్ళ సంగతి చెప్పాలి. చాలావాటి లోపల, ఎఫ్ ఆకారం కంతలోంచి చూస్తే, స్ట్రాడివేరియస్ అని లాటిన్లో అచ్చేసిన కాగితం కనబడుతుంది. మా తాతయ్య తమ్ముడి దగ్గర అలాంటిదొకటి ఉండేది. అది లక్షలు చేస్తుందని ఊరంతా నమ్మింది. ఆడపిల్ల పెళ్ళి చర్చల్లో కూడా ఆ ఫిడేలు ప్రస్తావన వచ్చిందని చెప్పుకుంటారు. నిజానికి జర్మనీలో మార్క్‌నాయ్‌కిర్షెన్ అనే ఊరి చుట్టుపక్కల పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫిడేళ్ళు కుటీర పరిశ్రమలా తయారయ్యేవి. మెడ ఒక ఇంట్లో, పొట్ట ఒక ఇంట్లో, కమాను ఇంకో ఇంట్లో. ఆ నమూనా ఎవరిదో తెలిపేందుకు స్ట్రాడివేరియస్ కాగితం అంటించి లోకమంతా పంపారు. 1890 తర్వాత అమెరికా సుంకాల చట్టం వచ్చి, సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది. అప్పటినుంచి అదే కాగితం మీద కింద జర్మనీ అని కూడా చేరింది. కాబట్టి మీ అటక మీద ఫిడేలు ఉండి, ఇటలీ మహానుభావుడి పేరు కింద జర్మనీ అని ఉంటే ఆశలు పెట్టుకోకండి. అలాగని పారేయకండి. ఆ జర్మన్ సరుకులో చాలావాటి చెక్క ఇవాళ బజారులో చవగ్గా దొరికేవాటి కంటే ఎంతో మేలు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. జయపురం సంస్థానం మొత్తం కొత్త కొరాపుట్ జిల్లాగా అటు వెళ్ళింది. పర్లాకిమిడి ఊరు, దాని సంస్థానంలో కొంత భాగం కూడా అటే. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో జీవితంలో చాలా భాగం గడిపి, సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసి, ఆ ఏడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అంత పట్టుదల అందరికీ ఉండదు. గుమాస్తా ఊరు వదలలేడు కదా. మా వాళ్ళు ఇక్కడే ఉన్నారు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, పాటలో త్యాగరాజు. ఇందులో ఒడిశా చేసిన అన్యాయం ఏదీ నాకు కనపడలేదు, ఆ ఫిర్యాదు చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒక నష్టం మాత్రం నిజం. ఇక్కడ పుట్టి విజయనగరంలో సంగీతం డిప్లొమా చేసినవాడికి ఇక్కడి బడిలో సంగీతం మాస్టారు ఉద్యోగం దొరకడం కష్టమైంది. సర్టిఫికెట్టు ఒక రాష్ట్రానిది, ఖాళీ ఇంకో రాష్ట్రానిది. అందుకే సంగీతం ఉద్యోగాల్లోకి పోకుండా ఇళ్ళలోనే ఉండిపోయింది. ఇళ్ళలో ఉన్నదానికి చరిత్ర రాసేవాడు ఉండడు.

జయపురం రాజుల్ని తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. విక్రమదేవ వర్మ గారు 1931లో గద్దెనెక్కి 1951లో పోయేదాకా ఒడియాకీ తెలుగుకీ సమానంగా చేతులు చాచారు. ఆయనే పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. విశాఖలో సైన్సు కాలేజీకి ఆయన పేరే ఉంది. ఆయన కథ చాలామంది రాశారు, రాస్తారు కూడా. నేను రాస్తున్నది రాజమహలు గేటు బయట ఉన్న ఇళ్ళ కథ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. తీగ వాద్యం మేమే కొండ మీదకి తెచ్చామని మైదానం నుంచి వచ్చినవాళ్ళం గొప్పలు పోతాం. మేం రాకముందే ఇక్కడ తీగ ఉంది. పరజా తెగ కుర్రవాళ్ళ డుంగుడుంగా ఉంది. గోపీనాథ్ మహంతి కొరాపుట్ జిల్లాలో అధికారిగా తిరిగిన మనిషి, 1945లో అచ్చయిన ఆయన ‘పరజా’ నవలలో అది మోగుతూనే ఉంటుంది. గుణుపురం వైపు కొండల్లో సవరలకి వాళ్ళ రెండు తీగల వాద్యం ఉంది. ఒడిశా పల్లెల్లో కాషాయం కట్టి తిరిగే జోగులు కమానుతో వాయించే కెందెరా ఉంది, దాని మీద గోవిందచంద్ర రాజు సన్యాసం కథ పాడతారు. అంటే కమాను లాగి ఏడిపించే వాద్యం ఈ నేలకి దొర ఇచ్చిన వింత కాదు. మా మాస్టారు స్టేషను బయట ఒక జోగిని చూసి కెందెరా అడిగి తీసుకుని, దాని మీద శంకరాభరణం ఆరోహణ వాయించి, తిరిగిచ్చి ఒక రూపాయి పెట్టారు. జోగి రూపాయి తీసుకుని, శ్రుతి చెడగొట్టారని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. శాస్త్రీయం, జానపదం అని గోడ కట్టినవాళ్ళలో ఎంతమంది కెందెరా చేత్తో పట్టుకుని ఉంటారు?

1960ల్లో ఫ్యాక్టరీలు వచ్చాయి. రాయగడ పక్కన కాగితం మిల్లు, తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, సునాబెడలో విమానాల ఇంజన్లు. 1980ల్లో దమన్‌జోడిలో అల్యూమినా. అంతకు ముందు తెలుగువాళ్ళు మాత్రమే ఉన్న సంగీతంలోకి తమిళులు, మలయాళీలు, బెంగాలీలు కాలనీ క్వార్టర్లలోంచి వచ్చారు. త్యాగరాజ ఆరాధనకి అయ్యర్ గారు పాడితే, తెలుగు గుమాస్తా ఫిడేలు వాయిస్తే, తబలా మీద బెంగాలీ బాబు కూర్చునేవాడు, మృదంగం దొరక్క. పండితులు చెవులు మూసుకునేవారేమో గానీ మాకు బాగానే ఉండేది. ఇంట్లో రేడియో ఉన్నవాళ్ళకి విజయవాడ స్టేషను దిక్కు. అది 1948లో మొదలైంది, అన్నవరపు రామస్వామి గారి ఫిడేలు మేం మొదట విన్నది అందులోనే. తర్వాత విశాఖ, జయపురం స్టేషన్లు కూడా వచ్చాయి.

ఇక ఒడియా వాళ్ళ వైపు ఫిడేలు ఎక్కడుందంటారా? ఒడిస్సీ నాట్యం చూడండి. మర్దళ, వేణువుతో పాటు వేదిక పక్కన వయొలిన్ ఉంటుంది. కేలూచరణ్ మహాపాత్ర నృత్యాలకి స్వరాలు కూర్చిన పండిత్ భువనేశ్వర్ మిశ్ర వయొలిన్ విద్వాంసులు, కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నవారు. హరిప్రసాద్ చౌరాసియా కటక్ రేడియోలో పనిచేసిన రోజుల పరిచయంతో ఇద్దరూ కలిసి ఒడియా సినిమాలకి సంగీతం కూడా ఇచ్చారు. ఢిల్లీలోనో ప్యారిస్‌లోనో కూర్చుని ఒడిస్సీ చూసేవాడికి ఆ ఫిడేలు పలుకులో మన వైపు గమకం వినబడుతోందని తెలీదు. మనకీ తెలీదు, అది ఇంకా బాధ.

ఇప్పటి సంగతి. విజయనగరంలో పుట్టి, చూపు లేని విద్వాంసుడు ఇవటూరి విజయేశ్వరరావు గారి దగ్గర పాఠం మొదలుపెట్టిన అవసరాల కన్యాకుమారి గారికి 2015లో పద్మశ్రీ, 2016లో సంగీత కళానిధి వచ్చాయి. ఆ బిరుదు అందుకున్న మొదటి మహిళా వయొలిన్ విద్వాంసురాలు ఆవిడే. ఆ వార్త వచ్చిన రోజు నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మిఠాయి పంచాను. రాయగడలో నేర్చుకునే వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. సగం మంది ఒడియా ఇళ్ళవాళ్ళు. స్వరం ఒడియాలో రాసుకుంటారు, సాహిత్యం తెలుగులో పాడతారు. కొందరు నా దగ్గర వర్ణం దాకా వచ్చి, ఆపైన ఫోన్లో చెన్నై మాస్టారి పాఠానికి మారిపోతారు. అందుకు నాకు కోపం లేదు. తీగలు ఆస్ట్రియా నుంచో జర్మనీ నుంచో ఆన్‌లైన్లో వస్తున్నాయి. ఒక్క విషయంలో మాత్రం ఫోను చేతులెత్తేస్తుంది. కమాను వెంట్రుక ఊడితే, ఫిడేలు లోపల నిలబెట్టిన చిన్న కర్ర పడిపోతే, సరిచేసే మనిషి కోసం ఇంకా విజయనగరమో విశాఖో బండెక్కాల్సిందే. ఆ విషయంలో మా నాయనమ్మ కాలానికీ ఇప్పటికీ తేడా లేదు. 2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజనుకి శంకుస్థాపన చేశారు. సంతోషం. డివిజనల్ ఆఫీసుకి వచ్చే కొత్త ఉద్యోగుల్లో ఎవరి సామాన్లలోనైనా ఒక ఫిడేలు పెట్టె ఉంటుందని నా ఆశ.

చివరగా ఒక మనవి. జయపురం, కొరాపుట్, గుణుపురం, బిసంకటక్, రాయగడ ఊళ్ళలో పాత తెలుగు ఇళ్ళున్నవాళ్ళు ఒకసారి అటక ఎక్కండి. ఫిడేలు దొరికితే లోపలి కాగితం ఫొటో తీయండి, తీగలు తెగి ఉంటే కొత్తవి కట్టించండి. వీణ దొరికితే గొల్లపల్లి పంపించండి, మెట్లు వేసేవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, నీకు పాఠం చెప్పిన మాస్టారు ఎవరు, ఏ బండికి వచ్చేవారు, నెలకి ఎంత ఇచ్చేవారు అని అడిగి ఈ ఎండాకాలం సెలవుల్లోనే రాసిపెట్టండి.